నర్సాపూర్ దారిలో ఒక్క బెల్లు

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున, ఆఫీసుకని పంజగుట్ట మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. నేను అద్దెకుండే ఇంటి ఆంటీ. "మీ అంకుల్ లేస్తలేడమ్మా," అంది. అంతే. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు. అవతల కుక్కర్ కూత వినిపిస్తోంది. ఎంతసేపు మెట్ల మధ్యలో నిలబడిపోయానో తెలీదు. వెనక నుంచి ఎవరో, "మేడం, జర ముందుకు జరుగుండ్రి," అన్నారు. పదకొండేళ్లుగా ఆ మాట నాకు ఒకే గొంతులో అలవాటు. ఉలిక్కిపడి జరిగాను. ఎవరా అని వెనక్కి చూడలేదు. వెనక్కి చూడొద్దని నాకు నేర్పిన మనిషి ఇంట్లో మంచం మీద లేవకుండా ఉన్నాడు.

ఆయన సిటీ బస్సు కండక్టర్. ముప్ఫై ఏళ్లకు పైగా చేసి రిటైరయ్యారు. గల్లీలో అందరూ ఆయన్ని కండక్టర్ కాక అనేవాళ్లు. నేను ఎదురుగా అంకుల్ అని, మనసులో కండక్టర్ గారు అని అనుకునేదాన్ని. అమీర్‌పేట నుంచి బల్కంపేటకి తిరిగే గల్లీల్లో ఒకదానిలో వాళ్లది రెండంతస్తుల ఇల్లు. కింద వాళ్లిద్దరూ, పైన నేను. వాళ్లమ్మాయిని సిద్దిపేటలో ఇచ్చారు. నేను పంజగుట్టలో ఒక పాఠ్యపుస్తకాల ఆఫీసులో ప్రూఫులు దిద్దుతాను. అక్షరం మీద అక్షరం అనుమానించడమే నా ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ అనుమానం వదలదు. ఈ నాలుగు మాటలు రాయొచ్చా, రాసే హక్కు నాకుందా అన్న అనుమానంతోనే రాస్తున్నాను.

ఉద్యోగం అయిపోయినా ఆయన ఒంట్లోంచి బస్సు దిగిపోలేదు. వంటింట్లో నిలబడి చాయ్ తాగుతున్నా కాళ్లు ఎడంగా పెట్టి, ఇల్లే ఏదో మలుపు తిరగబోతున్నట్టు నిలబడేవారు. మెట్రో ఎక్కితే పట్టీ పట్టుకునేవారు కాదు. చెవి వెనక పెన్సిలు ఉండేది, రాసుకోవడానికి ఏమీ లేకపోయినా. ఎవరింటికి భోజనానికి వెళ్లినా అందరికీ చోటు దొరికిందా అని చూసి గానీ కూర్చునేవారు కాదు. కూతురి పెళ్లిలో కూడా ఆఖరి బంతిలోనే తిన్నారట. సాయంత్రం కరెంటు పోతే కింది నుంచి కేక వినిపించేది. "మీద ఒక్కరు, కింద ఇద్దరు. అందరున్నరు. రైట్!" మొదట్లో నవ్వొచ్చేది. ఆ తర్వాత్తర్వాత, ఆ కేక వచ్చేదాకా కొవ్వొత్తి వెతకబుద్ధయ్యేది కాదు.

నలభై మూడేళ్ల వయసులో నాకు సైకిల్ నేర్పింది ఆయనే. డాక్టరు నడవమన్నారు, నాకు నడక విసుగు అని ఒకసారి మెట్ల దగ్గర అన్నాను. ఆయన తన పాత సైకిల్‌కి నూనె వేస్తున్నారు.

"సైకిల్ తొక్కుండ్రి," అన్నారు తలెత్తకుండా.

"నాకు రాదు అంకుల్. చిన్నప్పుడు తెనాలిలో మా నాన్న నేర్పించారు. సీటు పట్టుకున్నారా వదిలేశారా అని ప్రతి రెండు గజాలకీ వెనక్కి తిరిగి చూసేదాన్ని. చూసినప్పుడల్లా పడేదాన్ని."

"ఇడిశిండా మరి?"

"వదిలేశారు. పట్టుకున్నాను పట్టుకున్నాను అంటూనే."

ఆయన అప్పుడు తలెత్తారు. "అట్ల చెప్పకుండ ఇడిశేది మోసం మేడం. నేను చెప్పి ఇడుస్త."

ఆ ఆదివారం ఆరు కాకముందే మొదలుపెట్టాం. ఆ వేళకి అమీర్‌పేట వేరే ఊరిలా ఉంటుంది. కోచింగ్ సెంటర్ల షట్టర్లు దించి ఉంటాయి, నిన్నటి కరపత్రాలు రోడ్డంతా పరుచుకుని ఉంటాయి. ఆయన సీటు పట్టుకుని వెనక పరిగెత్తేవారు. "ఇడుస్తున్న మేడం!" అనేవారు. "వద్దంకుల్!" అని అరిచేదాన్ని. "అయితే ఇడుస్తలే." మూడు వారాలు ఇదే తంతు. గల్లీ మొగలో ఆటో తుడుచుకునే అతను రోజూ ఒక మాట విసిరేవాడు. "కాక, మేడంకు లైసెన్స్ ఇస్తున్నవా, పెన్షన్ ఇస్తున్నవా? ఎప్పటికయితది ఇది?" కాక మాత్రం కోప్పడలేదు, ఆయాసపడుతూనే, "ప్యాసింజర్ తయారైనంక బస్సు కదుల్తది రా, నీ ఆటో లెక్క గాదు," అనేవారు.

నాలుగో వారం, "ఇడుస్తున్న," అన్నారు. నేనేమీ అనలేదు. ఆయన వదిలారు. నేను తిరిగి చూడలేదు. ఎందుకంటే వదిలానని ఆయన చెప్పారు. తెలిసిపోయాక చూడ్డానికేముంది?

నేనూ ఒక సైకిల్ కొనుక్కోగానే ఆయన ఒక పద్ధతి పెట్టారు. నేను ముందు, ఆయన వెనక. బస్సులో కండక్టర్ వెనక మెట్టు దగ్గరే కదా ఉండేది. ఆయన సైకిల్ బెల్లు రెండుసార్లు మోగితే పోవచ్చు, రైట్. ఒక్కసారి మోగితే ఆగాలి. అంతకుమించి మాటలక్కర్లేదు. "డ్రైవర్ ఎనక్కి చూస్తే బస్సు ఆగమైతది. ఎనక చూసుడు నా డ్యూటీ. మీరు ముందు చూడుండ్రి," అనేవారు. శ్రీనగర్ కాలనీ దాకా, ఆ తర్వాత సనత్‌నగర్ దాకా, ఆదివారాలు అలా వెళ్లొచ్చేవాళ్లం. నా జీవితంలో ఎవరో వెనక చూసుకుంటున్నారన్న ధైర్యంతో నేను ముందుకు చూసిన గంటలు అవే. మిగతా వారమంతా మెడ తిప్పి తిప్పి చూసుకోవడమే.

నర్సాపూర్ వెళ్దామన్నది ఆయనే. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఆ దారిలో కొన్నాళ్లు డ్యూటీ చేశారట. "అడివి మస్తుంటది మేడం. మోదుగ పూలు పూస్తె చెట్లకు మంట పెట్టినట్టే. కానీ నేనేం చూసిన? ఎనక కిటికీలకెల్లి చూసిన. జనం మీదికెల్లి చూసిన. ఒక్కసారన్న దిగి చూడలే." పోయిన వేసవి మొదట్లో, మోదుగలు రాలిపోకముందే, ఒక ఆదివారం బయల్దేరాం. ఆంటీకి మాత్రం గండిమైసమ్మ దాకా అనే చెప్పారు. అంటే సగం దారి కూడా కాదు. నేను విన్నాను, ఏమీ అనలేదు. ఆంటీ సజ్జ రొట్టెలు, టమాటా తొక్కు కట్టిచ్చి, "ఎండ ముదరకముందే తోల్కరా ఆయనను," అంది. ఆయనతో కాదు, నాతో అంది.

ఐదింటికి దిగాం. బాలానగర్ దాటి, జీడిమెట్ల ఫ్యాక్టరీల వాసన దాటి, గండిమైసమ్మ చౌరస్తాకి వచ్చేసరికి తెల్లారింది. అక్కడ ఒక బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. అప్పటిదాకా ఆంటీకి చెప్పినది నిజమే. ఆ తర్వాత ఆయన సైకిలెక్కి రెండు బెల్లులు కొట్టారు, నేను కదిలాను. దుండిగల్ దాటాక ఖాళీ రోడ్డు మీద గొంతెత్తి, "నర్సాపూర్, నర్సాపూర్, నర్సాపూరే! దిగేవాళ్లు డోర్ల నిలవడొద్దు!" అని అరిచారు. పొలంలో నీళ్లు మళ్లిస్తున్న ఒకామె నడుము నిటారు చేసి చూసింది. "ఏడికి పోయేటోళ్లు పెద్దమనిషీ?" అంది. "ఏడికి లేదమ్మ, ఊకనే," అన్నారు. "ఊకనేనా! పనిలేనట్టుంది," అని నవ్వి మళ్లీ వంగింది. నాకు సిగ్గేసింది. ఆయన మాత్రం చాలాదూరం, "ఊకనే, ఊకనే," అని నవ్వుకుంటూనే ఉన్నారు. ముప్ఫై ఏళ్లు ప్రతివాళ్లనీ ఎక్కడికి అని అడిగిన మనిషి.

ఆ దారిని నేనెలా చెప్పాలి? యాసంగి వరి మోకాలెత్తు పచ్చగా ఉంది. మామిడి తోటల్లో పిందెలు గోలీలంత. అడివి మొదలయ్యాక ఆకులన్నీ రాలి కొమ్మలు బూడిద రంగులో ఉన్నాయి, వాటి మధ్య మోదుగలు. ఆకు ఒక్కటి లేదు, ఒట్టి పువ్వే. ఎర్రగా అనబోతే నారింజ, నారింజ అనబోతే ఎరుపు. ప్రూఫులో అయితే ఏదో ఒకటి ఉంచమని మార్జిన్‌లో రాసేదాన్ని. ఎక్కడో ఇప్పపూలు రాలి పులిసిన తియ్యటి వాసన. రోడ్డు పక్క గోడ మీద కోతులు వరసగా కూర్చుని, బస్సు కోసం చూస్తున్నట్టే మమ్మల్ని చూశాయి. "అందరు క్యూల ఉన్నరు," అన్నారాయన. అప్పటికే వీపు తడిసి అతుక్కుపోయింది. తొమ్మిదిన్నర కూడా కాలేదు, తారు మీద ఎండ ఆవిరిలా ఊగుతోంది.

నర్సాపూర్ చెరువు కట్ట మీద రొట్టెలు తిన్నాం. తిరిగి వెళ్లాల్సిన వేళ అదే. ఆయన లేచి గుడ్డ దులుపుకున్నారు కూడా. నేనే, "ఇంకాసేపు కూర్చుందాం అంకుల్," అన్నాను. నిజానికి నాకు అలసటగా ఉంది. కాళ్ల అలసట కాదు. రేపు సోమవారం అన్న అలసట, ఏళ్లతరబడి పేరుకున్నది. నీటి మీద గాలి వస్తోంది. ఆయన మళ్లీ కూర్చున్నారు. కట్ట కింద రోడ్డు మీద బస్సులు పోతుంటే ఒక్కోదాన్నీ చూసి, "ఖాళీ. ఇది ఫుల్లు. దీని ఎనక టైరు బాగలేదు," అంటూ ఉన్నారు. అలా గంట గడిచింది. ఆ గంట నాది. ఎన్నిసార్లు లెక్క తిప్పినా ఆ గంట ఆయన ఖాతాలో వెయ్యలేకపోతున్నాను.

పదకొండు దాటాక బయల్దేరాం. అడివిలో రోడ్డు కొంతదూరం మెల్లగా ఎక్కుతుంది. నాకు కళ్లల్లోకి చెమట కారుతోంది. ముందు చక్రం తప్ప ఏమీ చూడ్డం లేదు. వెనక ట్రింగ్ ట్రింగ్ అని రెండు బెల్లులు. సరే, రైట్. తొక్కుతున్నాను. కాసేపటికి మళ్లీ రెండు. మళ్లీ రెండు. మామూలుకన్నా తరచుగా కొడుతున్నారనిపించింది. నాకు ఓపికివ్వడానికేమో అనుకున్నాను.

అలా వెనక ఆయన ఉన్నారన్న ధైర్యంతోనే మాట్లాడ్డం మొదలుపెట్టాను. ముందుకు చూస్తూ, గట్టిగా. ముఖం కనబడకపోతే మాట తేలిగ్గా వస్తుంది. "అంకుల్, ఈ ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా. ఇరవై ఏళ్లుగా వేరేవాళ్ల తప్పులు చూస్తున్నా. ఇప్పుడు ఏది తప్పో, ఏది కాదో చెప్పలేకపోతున్నా. పడుకునే ముందు గ్యాస్ కట్టేశానా అని మూడుసార్లు లేస్తున్నా. మనుషుల్ని కూడా అలాగే చూస్తానేమో, అందుకే ఎవరూ నా దగ్గర నిలవలేదేమో..." ఇంకా చాలా అన్నాను. ఇక్కడ అదంతా రాయను. ఎవరికీ చెప్పనివి చెప్పాను. వెనక నుంచి జవాబు లేదు. ఆలోచిస్తున్నారనుకున్నాను. మళ్లీ రెండు బెల్లులు. తర్వాత ఒక గొంతు, మొహమాటంగా:

"అమ్మా... ఐసు గావాల్నా?"

వెనక్కి తిరిగాను. సైకిల్ నేర్చుకున్న ఈ మూడేళ్లలో మొదటిసారి. తిరగ్గానే హ్యాండిల్ కూడా తిరిగి, రోడ్డు పక్క ఎండుగడ్డిలో పడ్డాను. లేచి చూస్తే, నల్లటి మనిషి, తలకి తువ్వాలు చుట్టుకున్నాడు, సైకిల్ వెనక నీలం రంగు ఐసు డబ్బా. దారంతా నా వెనక వస్తూ బెల్లు కొట్టింది అతను. ఊళ్లోకి వెళ్తూ అలవాటుగా కొట్టుకుంటున్నాడు. నా బాధంతా విన్నది అతను.

"మా అంకుల్ ఏడీ? ముసలాయన, సైకిల్ మీద..."

"ఆయన మీ మనిషేనా? ఆడ ఎనక, కిలోమీటరు రాయి కాడ కూసున్నడమ్మ. ఐసు గావాల్నా అని అడిగిన. చెయ్యి ఊపిండు, పొమ్మన్నడనుకున్న." నా ముఖం చూసి అతని ముఖం మారింది. "మీరు మాట్లాడుకుంట పోతున్నరు. ఫోన్లనేమో అనుకున్న."

ఇద్దరం వెనక్కి తొక్కాం. పల్లం కాబట్టి తొందరగానే వచ్చాం. ఆయన రాతికి ఆనుకుని కాళ్లు చాపి కూర్చుని ఉన్నారు. పైన మోదుగ చెట్టు, ఆకుల్లేని చెట్టుకి నీడేముంటుంది? ముఖం బూడిదలా ఉంది. చొక్కా ముంచి తీసినట్టుంది. సైకిల్ పక్కన పడి ఉంది. ఆయన చెయ్యి ఇంకా దాని బెల్లు మీదే ఉంది.

"ఒక్క బెల్లు కొట్టిన మేడం," అన్నారు. "మస్తుసార్లు కొట్టిన. మీకు ఇనవడలే."

నాకు వినబడింది వేరే బెల్లు. రెండు. పొమ్మనేది.

ఐసు అమ్మే అతను తన తువ్వాలు విప్పి, డబ్బాలోంచి గుప్పెళ్లతో ఐసు తీసి మూట కట్టి ఆయన తల మీద, మెడ మీద పెట్టాడు. నన్ను విసరమన్నాడు. ఆయన ఎడమ రెక్క నిమురుకుంటుంటే, నొప్పిగా ఉందా అని అడిగాను. "ఎహె, గ్యాసు. తొక్కు కారమైంది," అన్నారు. దగ్గర్లో సర్కారు దవాఖాన ఉంది, ట్రాలీ ఆటో ఆపుతానన్నాడు ఐసు అతను. ఆయన తల అడ్డంగా ఊపారు. కొంతసేపటికి రంగు తిరిగింది. అప్పుడు, "ఐసు అన్నవు గదా, ఇయ్యి మరి," అన్నారు. నారింజ రంగు పుల్ల ఐసు. పిల్లాడిలా చప్పరించి, "మేడంకు సుత ఇయ్యి. పాపం, వాపస్ వచ్చింది," అన్నారు.

టమాటాలు దించి ఖాళీగా పోతున్న ట్రాలీ ఒకటి దొరికింది. సైకిళ్లు అడ్డంగా వేసి, వాటి మధ్యలో మేమిద్దరం. రేకు కాలిపోతోంది. వచ్చేటప్పుడు గంటలు పట్టిన అడివి నిమిషాల్లో వెనక్కి పోయింది. ఆయన మోదుగలవైపు చూస్తూనే ఉన్నారు. దుండిగల్ దాటాక నన్ను పిలిచారు. మేడం అని కాదు.

"బిడ్డా, మీ ఆంటీకి చెప్పొద్దు. సైకిల్ ఇచ్చేస్తది ఎవలకన్న. నేను దవాఖానల చూపిచ్చుకుంట. ఒట్టు."

చెప్పకుండా సీటు వదలడం మోసమన్న మనిషి. నేను సరే అన్నాను.

ఇక్కడ ఆగి ఎన్నిసార్లు తిరిగి చదువుకున్నానో. 'సరే' అన్న ఆ మాట దగ్గర ఎర్ర సిరాతో సున్నా చుట్టాలి. కానీ అచ్చయిపోయింది. తర్వాతి వారం అడిగాను. "పంజగుట్టల చూపిచ్చిన. ఏం లేదన్నరు," అన్నారు. చీటీ చూపించమని అడగలేదు. మామూలుగా అయితే ప్రతి చిన్న కామాకీ మూలప్రతి అడిగేదాన్ని. ఆయన నర్సాపూర్ మాటెత్తలేదు. సైకిల్ మాత్రం గల్లీ చివరిదాకే తొక్కేవారు, మోకాలు పట్టేసింది అంటూ. ఆదివారాలు మెట్ల మీద కూర్చుని నాకు రెండు బెల్లులు కొట్టేవారు. నేను ఒక్కదాన్నే వెళ్లొచ్చేదాన్ని. వెనక ఎవరూ లేరని తెలుసు, అయినా మెడ తిప్పేదాన్ని కాదు. అలా మూడు నెలలు. ఎల్లమ్మ కల్యాణానికి బల్కంపేట జనంతో నిండిపోయిన రోజు, గల్లీ మొగలో నిలబడి, దారి తప్పిన ముసలామెని చెయ్యి పట్టుకుని గుడిదాకా తీసుకెళ్లొచ్చారు. సరిగ్గా వారానికి పోయారు. నిద్రలోనే, గుండె అన్నారు.

పదకొండో రోజు అయ్యింది. చుట్టాలు వెళ్లిపోయారు. అమ్మాయి రమ్మంటే ఆంటీ తర్వాత వస్తానంది. మర్నాడు పొద్దున కిందికి వెళ్లి, ఆమె బియ్యం ఏరుతుంటే ఎదురుగా కూర్చుని చెప్పేశాను. నర్సాపూర్, కిలోమీటరు రాయి, రెక్క నొప్పి, ఒట్టు. ఎందుకు చెప్పాను? ఆమె కోసమా, నా బరువు దించుకోవడానికా? ఇప్పటికీ తెలీదు. రెండోదే అయ్యుంటుంది.

ఆమె చేటలోంచి ఒక రాయి ఏరి పక్కన పడేసింది.

"పంజగుట్ట దవాఖానకు పోలే. ఏ దవాఖానకూ పోలే," అంది. "పోతే నేను లేకుండ పోతడా? నా చెప్పుల కోసం సుత నన్ను అడిగేటోడు."

చేట కింద పెట్టి నావైపు తిరిగింది.

"మూడు నెల్లు. మూడు నెల్లు నా కండ్ల ముంగటనే ఈ మెట్లెక్కినవు, దిగినవు. పొద్దుగాల చాయ్ తాగినవ్ నా చేతిది. ఆయననైతే ఏమనలేను ఇప్పుడు. నువ్వన్న చెప్పొద్దా?"

అంతే అంది. అరవలేదు. అరిస్తే బాగుండేది. నేను పైకి వచ్చేశాను. వారం రోజులు ఆమె మాట్లాడలేదు. నేను మెట్లు దిగుతుంటే చాప సర్దుకునేది, లోపలికి వెళ్లేది. ఒక సాయంత్రం కరెంటు పోయింది. చీకట్లో మంచం మీద కూర్చుని ఎదురుచూశాను. కింది నుంచి కేక రాలేదు. మీద ఒక్కరు, కింద ఒక్కరు. ఆ లెక్క ఎవరూ పైకి చెప్పలేదు.

ఇల్లు ఖాళీ చెయ్యాలా అని ఆలోచించాను. చెయ్యమని ఆమె అనదు, ఉండమనీ అనదు. పోవాలో ఆగాలో తెలీకుండా ఆ ఇంట్లో తిరిగాను.

తర్వాత ఒక రోజు ఆఫీసు నుంచి వస్తుంటే మెట్ల దగ్గర ఆమె గొంతు. "ఆగు." ఆగాను. పైకి చూడకుండా, పక్క మెట్టు మీద చెయ్యి వేసి చూపించింది. కూర్చున్నాను.

"ఆ దినం ఏమేం జూశిండో చెప్పు. మొదటికెల్లి చెప్పు."

చెప్పాను. గండిమైసమ్మ ఇడ్లీల దగ్గర్నుంచి. పొలంలో ఆమె ఏడికి అని అడిగితే ఊకనే అన్నది చెప్పాను. కోతులు క్యూలో ఉన్నాయన్నది చెప్పాను. చెరువు కట్ట మీద ఇంకాసేపు కూర్చుందామన్నది నేనేనని కూడా చెప్పాను. 

"రొట్టెలు అన్ని తిన్నడా?"

"రెండు తిన్నారు. తొక్కు కారమైందన్నారు."

"కారమేం గాలే," అంది చిరాగ్గా. "దొంగ మాటలు. ఐసు తిన్నడా?"

"తిన్నారు."

"షుగరున్నది ఆయనకు. ఏం రంగుది?"

"నారింజ."

"పండ్లు గుంజుతయి అంటడు ఇంట్ల నేనేమన్న చల్లగ ఇస్తే." ముక్కు చీదుకుంది. "ఒక్క బెల్లంటే ఆగుమనా?" అంది.

"అవును ఆంటీ. రెండంటే పొమ్మని."

"పెండ్లయి నలభై ఏండ్లు దాటె. నాకెన్నడు చెప్పలే," అంది. లేచి లోపలికి వెళ్లిపోయింది. క్షమించిందా? అడగలేదు. అడగదగిన మాట కాదు. మర్నాడు నా చాయ్ గ్లాసు మెట్టు మీద పెట్టి ఉంది. దాన్ని బట్టి ఏమీ తేల్చుకోకూడదని నాకు నేను చెప్పుకున్నాను.

పోయిన ఆదివారం, నెల తర్వాత మొదటిసారి, సైకిల్ తీశాను. ఎక్కడికని అనుకోలేదు. అలసటగానే ఉంది, అది పోదు. ఆయన సైకిల్ మెట్ల కింద, ఎప్పుడూ ఉండేచోటే ఉంది. ఎవరో దుమ్ము తుడిచారు. ఆంటీ గడపలో కూర్చుని ఉంది. నేను చూశాను, ఆమె చూడలేదు. ఆరు కాలేదు. కరపత్రాలు తడిసి రోడ్డుకి అంటుకుపోయాయి, రాత్రి వాన పడింది. ఎక్కి తొక్కాను. మా ఇల్లు, పక్క ఇల్లు, ఆటో, ఇస్త్రీ బండి. గల్లీ మొగకి వచ్చాను. మలుపు తిరిగితే పెద్ద రోడ్డు.

వెనక బెల్లు మోగింది. ఒక్కటి.

బ్రేకు పట్టేశాను. కాలు నేల మీద ఆనించి, వెనక్కి చూశాను. ఈసారి పడలేదు. గల్లీ ఆ చివర, మెట్ల కింద, ఆంటీ నిలబడి ఉంది. ఒక చెయ్యి ఆయన సైకిల్ సీటు మీద, ఒక చెయ్యి బెల్లు మీద.

"ఏంటి ఆంటీ?" అని అరిచాను.

"ఏం లేదు," అంది. గొంతు చిన్నదే, కానీ ఆ వేళకి గల్లీలో అన్నీ వినబడతాయి. "ఇంత దూరం ఇనవడతదా లేదా అని చూసిన."

"వినబడింది."

ఆమె తలూపింది. ఖాళీ మెట్రో బండి ఒకటి ఎక్కడో పైన దడదడలాడుతూ పోయింది. నేను కదలలేదు. ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడల్ మీద, రెండు బెల్లుల కోసం అలాగే నిలబడ్డాను. ఆమె చెయ్యి బెల్లు మీదే ఉంది, ఇంకా.